కొత్త లైను వద్దన్నాను

అత్తయ్యా, కోడలి దండం. ఒంట్లో బాగానే ఉంది, అలసట తప్ప వేరే జబ్బేమీ లేదు, బెంగపడకండి. నిన్న మా కంపెనీ వార్షిక సభ జరిగింది. పైపుల లోపల పాకుతూ పగుళ్లు కనిపెట్టే మా యంత్రానికి ఈ ఏడాది ఎక్కడలేని గిరాకీ వచ్చిందట, పనివాళ్లం రెట్టింపయ్యామట. మేనేజరుగారు అవన్నీ చదువుతుంటే నేను కుర్చీలోనే కునుకు తీశాను. అంతలో నన్ను వేదిక మీదికి పిలిచి, ఆ యంత్రాల తయారీకి కొత్తగా వేసే లైను బాధ్యత కూడా నాదేనని ప్రకటించారు. అంటే ఇంకో ఏడాది మీకందరికీ దూరంగా ఇక్కడే. అందరూ చప్పట్లు కొట్టారు. కిందికి దిగాక మేనేజరుగారితో, "నా వల్ల కాదండీ. మొన్న ఫోనులో మా పాప నన్ను ఎవరని అడిగింది" అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "మా ఇంట్లోనూ అదే వరసమ్మా. నువ్వు వెళ్లు, లైను సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

ఆదివారం బయల్దేరుతున్నాను. మీ దగ్గు తగ్గిందా? వంటింట్లో కొళాయి కారుతోందన్నారు కదా, కోడలొచ్చి చూస్తుందని ఆగకుండా ప్లంబరును పిలవండి. నాకు ఇప్పట్లో పైపు ముట్టుకునే ఓపిక లేదు. మా మంచం మీద పరిచిన తన కాగితాలన్నీ తీసేయమని మీ అబ్బాయితో చెప్పండి. పాప నన్ను చూసి మీ వెనక దాక్కుంటే, అమ్మ దగ్గరికి వెళ్లమని బలవంతం చేయకండి. నేనే మెల్లగా మచ్చిక చేసుకుంటాను.

మామయ్యగారికి నమస్కారాలు. మీ కోడలు.