ఒక్కరికే చోటున్న సంగడి

ఆత్మకూర్ దగ్గర ఏటిగడ్డ నుంచి,
ఫసలీ 1350, జ్యేష్ఠ మాసం.

షోలాపూర్‌లో ఉన్న మా అక్క బిక్షమ్మకు చెల్లెలు సైదమ్మ దండం పెట్టి రాస్తున్నది. ఎవరిచేతా రాయించలేదు, నా చేతి రాతే. చిన్నప్పుడు నువ్వు బొగ్గుముక్కతో గోడమీద దిద్దించిన అక్షరాలే ఇవి, వంకరగా ఉంటే ఆ తప్పు నీది. ఇక్కడ నేను, నీ మరిది, మా బర్రె అందరం కులాసా. అక్కడ నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. యుద్ధం మూలంగా మిల్లు పగలూ రాత్రీ ఆడుతోందని, బావకు నిద్ర చాలడం లేదని రాశావు. ఆయన్ను జర చూసుకో. అమ్మ సంగతి అడిగావు. మొన్న మక్తల్ వెళ్లి చూసివచ్చాను. కళ్లు మసకే, కానీ అడుగుల చప్పుడు విని ఎవరొచ్చారో చెప్పేస్తుంది. వదిన మంచిగానే చూసుకుంటోంది. నీకు పంపిన ఎండుచేపల్లో ఇసుక ఉందన్నావు. ఈసారి బండమీద ఆరబెట్టాను, ఉండదు.

ఇక నువ్వు చివర అడిగిన మాట. మేం చేపలకు పోయే తోలుపుట్టి మా వాకిట్లో బోర్లపడి ఉందని, నీ మరిది ఒక్కడే ఏటికి పోతున్నాడని మా ఊరి బీరప్ప అక్కడికి వచ్చినప్పుడు చెప్పాడట. మీ ఇద్దరికీ ఏమైందని అడిగావు. ఈ ఒక్కదానికి జవాబు రాయకుండా దాటేద్దామనుకున్నాను. మనసొప్పలేదు. మొదటి నుంచీ చెప్తాను, తీరిక చేసుకుని చదువు.

పెళ్లయిన దగ్గర్నుంచీ మేమిద్దరం ఒకే పుట్టిలో బతికాం. నేను కూర్చుని తెడ్డు వేస్తే ఆయన నిలబడి వల విసిరేవాడు. ఆ గుండ్రటి బుట్టలో మోకాళ్లు మోకాళ్లు తగులుతూ పొద్దంతా పోట్లాడుకునేవాళ్లం. ఆయన ఇటు పోనియ్యి అంటే, నేను అటు చేపలేదనేదాన్ని. చాలాసార్లు నా మాటే నిజమయ్యేది. అట్లా ఎందుకయ్యేదో నాకూ తెలియదు, నీళ్ల రంగు చూస్తే తెలిసిపోయేది. అది గొప్పని నేనెన్నడూ అనుకోలేదు. సంతలో మాత్రం, చేప పడింది నా మాట వల్లనేనని పదిమందిలో చెప్పేదాన్ని.

దసరా తర్వాత పుట్టి తోలు చినిగింది. కొత్త బర్రెతోలు కట్టించే మాట ఆయన ఎత్తలేదు. మాఘంలో ఒకనాడు అన్నం తింటూ, ఎగువన గుర్వయ్య దగ్గర సంగడి తెస్తానన్నాడు. గుర్వయ్య బెజవాడ వైపు పడవల పని నేర్చి వచ్చిన ముసలాయన. రెండు తాటిదోనెలు పక్కపక్కన పెట్టి, మధ్యన అడ్డవాసాలు కట్టి, చిన్న తెరచాప లేపి నడిపేదాన్ని సంగడి అంటారు. గాలి ఉంటే మన మడుగు ఈ కొస నుంచి ఆ కొసకు తెడ్డు ముట్టకుండా పోవచ్చు.

"అండ్ల ఎందరు గూసుంటరు?" అని అడిగాను.

"ఒక్కరే," అన్నాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

ఒక్కరే అన్న ఆ మాట అక్కా, నాకు ఆరోజు నుంచి అరగలేదు.

ఏటి నడుమ ఇసుకదిబ్బ మీద లీలమ్మ అని ఒకామె ఉంటుంది. మొగుడు పోయినామె. నీళ్లు తగ్గగానే దిబ్బమీద గుడిసె వేసుకుని కర్బూజలు పండిస్తుంది. మా పుట్టి అటు పోతే ఒక పండు విసిరేది, మేమొక చేప ఇచ్చేవాళ్లం. అంతకుముందు ఆమెను గురించి నేను ఆలోచించింది లేదు. ఇప్పుడు ఆలోచించడం మొదలుపెట్టాను. ఒక్కడే పోతానంటున్నాడంటే ఎవరో ఒకరి దగ్గరికే కదా. ఆయన తలకు నూనె రాసుకుంటే చూశాను. తుండుగుడ్డ వాసన చూశాను. ఎవరి పుట్టిలోనో ఎక్కి పోయినరోజు ఒక కర్బూజ తెచ్చి నా ముందు పెట్టాడు. తీసుకెళ్లి బర్రెకు వేశాను. అది కళ్లు మూసుకుని ఇష్టంగా తింది. బర్రె మీదా కోపమొచ్చింది.

పడవ చూడటానికి నేనూ వస్తానని పట్టుబట్టి వెళ్లాను. గుర్వయ్య ఒడ్డున మూడు సంగడులు ఉన్నాయి. ఒకటి మరీ పాతది, దోనెల అంచులు పీచు లేచి ఉన్నాయి. ఇంకొకటి పొట్టిది, రెండు దోనెల మధ్య మంచి ఎడం ఉంది, చాప చిన్నది. మూడోది పొడుగ్గా సన్నగా, దోనెలు దాదాపు ఒకదానికొకటి ఆనుకుని, చాపకొయ్య మాత్రం ఎత్తుగా, చూడటానికి కొంగలా ఉంది. ఆయన అన్నిటి చుట్టూ తిరిగి, వాసాల కట్లు లాగి చూసి, పొట్టిదాని మీద చెయ్యివేసి నిలబడ్డాడు. నా కళ్లతో చూశాను, ఆ చెయ్యి దాన్ని ఇష్టపడింది.

నేను ఊరుకుంటే సరిపోయేది. "గిదే మంచిది. నడుమ ఎడమున్నది, గాలికి ఒరగది. గా పొడుగుది ఒరుగుతది," అన్నాను.

అక్కడున్న వాళ్లు నవ్వారు. గుర్వయ్య కూడా నవ్వుతూ, "బక్కయ్యా, పడవ నీకా, నీ పెండ్లానికా?" అన్నాడు.

ఆయన చెయ్యి తీసేశాడు. పొడుగుదే కావాలన్నాడు. గుర్వయ్య ఎడం సంగతి చెప్పబోయినా వినలేదు. నేనప్పుడు ఏమనుకున్నానో తెలుసా, దిబ్బకు తొందరగా చేరుతుందని దాన్ని ఎంచుకున్నాడనుకున్నాను. కడుపుమంటకు ఎంత తెలివి ఉంటుందో చూడు.

ఆ తర్వాత ఆయన ఏటిమీద, నేను ఒడ్డు మీద. గాలి పట్టగానే ఆ చాప పొట్టలా ఉబ్బి, సంగడి నీళ్లను చీల్చుకుంటూ పోయేది. అందంగా ఉండేది, అదీ నా ఏడుపే. సాయంత్రం తెచ్చిన చేపలు నేను సంతకు మోసేదాన్ని. ఈ కొర్రమట్ట ఏ బండ దగ్గర పడిందో, ఈ జెల్లలు ఏ మలుపులో దొరికాయో నాకు తెలిసేది కాదు. అడిగితే, ఏట్లోనే దొరికినయ్ అనేవాడు. పొద్దంతా పోట్లాడుకున్న మనుషులం, ఉప్పు ఉందా, నీళ్లు ఉన్నాయా అన్న మాటలకు దిగాం. సంగడి అంటే జోడు అని కూడా అంటారు కదా. రెండు దోనెలకు జోడు కుదిర్చి మమ్మల్ని విడదీశాడని గుర్వయ్యను తిట్టుకున్నాను.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. అవతలి గట్టు కనిపించకుండా దుమ్ము కమ్మింది. నేను ఒడ్డుకు పరిగెత్తేసరికి చాప దిబ్బకు ఇవతల కొంచెం కనిపించింది, తర్వాత కనిపించలేదు. ఒడ్డున పుట్టి ఉన్న గాలయ్యను, మిగతా చేపలవాళ్లను బతిమాలాను. ఆ గాలిలో పుట్టి దింపితే బొంగరంలా తిరుగుతుందని వాళ్లు కదల్లేదు, వాళ్లను తప్పుపట్టను. తర్వాత వాన. ఆ రాత్రి సంగతి రాయను, చదివి నువ్వు ఏడుస్తావు.

తెల్లవారి అవతల నుంచి వచ్చినవాళ్లు చెప్పారు, బక్కయ్య బతికే ఉన్నాడు, లీలమ్మ గుడిసెలో కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడని. బతికున్నాడన్న మాట చెవిన పడినప్పటి నుంచి ఎవరి గుడిసెలో అన్నది చెవిన పడేదాకా మాత్రమే నాకు సంతోషం. తర్వాత గాలయ్య పుట్టిలో ఎక్కి దిబ్బకు పోయాను. దారి పొడుగునా ఏమనాలో కూడబెట్టుకున్నాను.

ఆయన అక్కడ లేడు. కొట్టుకుపోయిన సంగడిని వెతుక్కుంటూ దిగువకు పోయాడట. లీలమ్మ ఒక్కతే తీగలు సవరిస్తోంది. ఆమె నాకంటే పెద్దది, ముఖం ఎండకు కమిలి ఉంది. ఒడ్డు నుంచి చూసి నేను ఇంకోలా ఊహించుకున్నాను. అయినా అనదలచుకున్నవన్నీ అన్నాను. నా మొగుడు ఒక్కడే పోయే పడవ ఎందుకు కొన్నాడో ఊరంతా ఎరుగునన్నాను. ఊరెవరూ ఏమీ అనలేదు, అది నా మాటే.

ఆమె అన్నీ విని, చేతుల ఇసుక దులుపుకుని, రాత్రి ఆయన ఏం చెప్పాడో చెప్పింది. నీళ్లు మింగి వణుకుతూ వచ్చిన మనిషి మంట దగ్గర కూర్చుని ఒకే మాట అన్నాడట: "ఇంటికి ఏ మొకంతోని పోవాలె? అది ముందే చెప్పింది. ఇగ ఊరంత సైదమ్మ ముందే చెప్పింది అంటరు. నేను ఇసిరిన వల ఎవ్వలకు యాదికుండది."

తెల్లారి గాలి నిలిచాక కూడా, ఎవరైనా వస్తే పోదామంటూ ఆయన తాత్సారం చేశాడని చెప్పింది. తర్వాత నా ముఖంలోకి చూసి, "ఆయన నీ మీద కుళ్లుతాండు. నువ్వు నా మీద కుళ్లుతున్నవు. నేనెవ్వల మీద కుళ్లాలె, చెప్పు," అంది.

ఆమె ఒక కర్బూజ కోసి పెట్టింది, తిన్నాను. తియ్యగా ఉంది. నీతో అబద్ధమెందుకు, అప్పుడు కూడా నా కుళ్లు పోలేదు. దారి మార్చుకుందంతే. ఇన్నేళ్లు నా మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చున్న మనిషి ఆ బాధను నాకు చెప్పుకోలేదు, ఈమెకు చెప్పుకున్నాడు. పరాయి ఆడదాని దగ్గర పడుకోవడం కంటే ఇది తక్కువదేమీ కాదనిపించింది.

ఆయన సంగడిని నీళ్లలో లాక్కుంటూ వచ్చాడు. ఒక దోనె చీలిపోయింది, వల పోయింది. నన్ను చూసి ఆగిపోయాడు. నేను చెప్పలేదా అన్న మాట నా నాలుక చివర ఉంది. ఆయన అదే మాట కోసం తల వంచుకుని నిలబడ్డాడు. "ఆకలైతలేదా, ఇంటికి పోదాం పా," అన్నాను. నా పుట్టుకలో అంత కష్టపడి మింగిన మాట ఇంకొకటి లేదక్కా.

తర్వాత వారం మళ్లీ గుర్వయ్య దగ్గరికి పోయాం. ఈసారి నేను పడవల దగ్గరికి వెళ్లలేదు. దూరంగా బండమీద కూర్చున్నాను. ఆయన ఒకసారి సగం దూరం వచ్చి నావైపు చూశాడు. నేను ఏటివైపు చూశాను. పొట్టిదే తీసుకుంటాడనుకున్నాను, తీసుకోలేదు. బతికిన దోనెను ఉంచుకుని, దానికి తోడు కొత్త దోనె వేయించి, అడ్డవాసాలు పొడుగువి పెట్టించి ఎడం పెంచాడు. చాపకొయ్యను తనంతట తానే మోకాలెత్తు మేర తగ్గించి కోయించాడు. గుర్వయ్య అది చూసి తల ఊపాడు. నా బుద్ధికి అది తట్టి ఉండేది కాదు.

ఆ సంగడి ఇప్పుడు చాలా బాగా నడుస్తోంది. గాలికి ఒరిగి మళ్లీ తానే నిలబడుతుంది. ఎక్కడైనా కొంచెం వంక దొరుకుతుందేమోనని రోజూ ఒడ్డున నిలబడి వెతికాను, దొరకలేదు. ఆయన ఈల వేసుకుంటూ వస్తాడు. బాగుండాలని కోరుకున్నదాన్నే, బాగుంటే ఓర్వలేకపోయాను.

ఇక్కడిదాకా చదివావు గనుక అసలు సంగతి చెప్తాను. అమ్మకు రాయకు, బావకు చదివి వినిపించకు.

పోయిన శనివారం నాకు నడుము పట్టిందని చెప్పి చేపల గంప ఆయనకు ఎత్తాను. ఆయన ఆత్మకూర్ సంతకు పోయాడు. నడుముకు ఏమీ కాలేదు. నేను ఒడ్డుకు పోయి, కొంగు బిగించి, సంగడిని నీళ్లలోకి తోసి ఎక్కాను.

నా వయసంతా ఏటిమీదే గడిచింది, కానీ ఒక్కదాన్నే ఎన్నడూ లేను. మొదట తెడ్డుతో లోతుకు పోయి చాప విప్పాను. గాలి తగిలింది. వాసాలు కిర్రుమన్నాయి, కింద నీళ్లు రెండు దోనెల మధ్య నుంచి గలగలా పరిగెత్తాయి. ఇటు పోనియ్యి అనేవాళ్లు లేరు. కాదు అటు అని నేను అనాల్సిన పనీ లేదు. ఎండ, నీళ్లు, నేను. దిబ్బ పక్కనుంచి పోతుంటే లీలమ్మ నడుం ఎత్తి చూసి చెయ్యి ఊపింది. నేను ఆగలేదు. నాకు నవ్వొచ్చింది, పెద్దగానే నవ్వాను, వినేవాళ్లు లేరు కదా. ఆయన ఒక్కడే పోతున్నందుకు ఇన్నాళ్లూ ఏడ్చాననుకున్నాను. కాదు, నేను పోలేకపోతున్నందుకు ఏడ్చాను.

వెనక్కి మళ్లడం మాత్రం చేతకాలేదు. చాప పటపట కొట్టుకుంది, సంగడి ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. ఎట్లాగో తెడ్డువేసి, చెమటలు కారుతూ ఒడ్డు చేరేసరికి ఆయన నిలబడి ఉన్నాడు. సంత నుంచి ఎప్పుడొచ్చాడో. ఖాళీ గంప పక్కన ఉంది. అంతా చూసినట్టున్నాడు.

నీళ్లలోకి దిగి వచ్చి వాసం పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. నడుమునొప్పి సంగతి ఎత్తుతాడనుకున్నాను.

"చాపతాడు బిర్రుగ గట్టినవు. మలిగేటప్పుడు జర ఇడవాలె," అన్నాడు.

దానికి నా దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. అన్నీ వదిలేసి, "ఎట్లనో సూపియ్యి," అన్నాను.

అందులో ఇద్దరికి చోటు లేదు. ఆయన మొలలోతు నీళ్లలో నిలబడి, నన్ను కూర్చోబెట్టి, నా చేతిలో తాడు పెట్టి ఎంత వదలాలో, ఎప్పుడు లాగాలో చూపించాడు. పొద్దు వాలేదాకా అదే పని. మధ్యలో రెండుసార్లు పోట్లాడుకున్నాం. ఎన్నాళ్లకో.

ఇప్పుడు ఒకరోజు ఆయన, ఒకరోజు నేను. ఊళ్లోవాళ్లు ఏమంటున్నారో నువ్వు ఊహించుకోగలవు, ఆయన పట్టించుకోవడం లేదు. నిన్న నాకు కొర్రమట్టలు పడ్డాయి, ఆయన ముఖం కొంచెం మాడింది. ఈరోజు ఆయన పోయాడు. ఈ ఉత్తరం ఒడ్డున కూర్చునే రాస్తున్నాను. చాప దూరంగా కనిపిస్తోంది, గాలి మంచిగా ఉంది. నాకు ఇంకా కుళ్లుగానే ఉందక్కా. పరవాలేదు, రేపు నా వంతు.

ఇట్లు,
ఏటి ఒడ్డున కూర్చుని నిన్ను తలుచుకునే
నీ చెల్లెలు
సైదమ్మ