ఒక పక్కే సానపట్టిన చాకు

పిచ్చుకా,

"తాతయ్య చాకు బంగారం, తప్పంతా నా చేతిదే" అని రాశావు. దిద్దుకో. చెయ్యి బంగారం, తప్పు చాకుది. తాతయ్య వస్తువును తిట్టడానికి నీకు మనసొప్పకపోతే నన్ను తిట్టు. దాన్ని కొన్నది నేను.

నర్సరీలో చేరి నాలుగు నెలలైనా కాలేదు. అరవై మందార అంట్లు కడితే తొమ్మిదే పట్టాయట, నెలాఖరుకు మానేసి మీ నాన్న చూపించిన ఆఫీసులో కుర్చీ ఎక్కుతావట. ఎక్కు. నాకేం అభ్యంతరం లేదు, కుర్చీలు ఉన్నదే అందుకు. కానీ నీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది, దాన్ని నువ్వు రాశావే గాని చదువుకోలేదు. "ఎంత జాగ్రత్తగా కోసినా కోత నడుమ గరిటెలా గుంటపడుతోంది అమ్మమ్మా, కట్టు విప్పి చూస్తే లోపల నల్లగా ఎండిపోయి ఉంటోంది" అన్నావు. అది చదివి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాను. ఆ గుంట నాకు తెలుసు. దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా తెలుసు.

మీ తాతయ్యకు నర్సరీలో అంట్లు కట్టే గదిలో పని వచ్చినప్పుడు మాకు పెళ్లయి ఏడాది. అప్పటికి నేను బడిలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. బెరడు కింద పచ్చటి పొర ఎక్కడుంటుందో, రెండు కొమ్మల పొరలు ఎలా కలుసుకుంటాయో నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మ గీసేదాన్ని. కాబట్టి చాకు కొనే అర్హత ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ లేదనుకున్నాను. ఆయనకు చెప్పకుండా పనిముట్ల దుకాణానికి వెళ్లాను.

దుకాణదారు నెమ్మదస్తుడు. పచ్చగుడ్డ పరిచి నాలుగు మడత చాకులు విప్పి పెట్టాడు. ఒకటి చిలక ముక్కులా లోపలికి వంగింది, కొమ్మను లాగి కోయడానికి. ఒకటి సూదిమొనది, సంచులు చీల్చడానికి, పురికొస తెంపడానికి. ఇంకొకదానికి మొన గుండ్రం, పిడి చివర చిన్న నాలుకలాంటి ముక్క, దాంతో బెరడు లేపి మొగ్గను దూర్చాలి. నాలుగోదానికి అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది, మొన మొద్దు. అతను నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. వంగిన అంచు వంకర కోత కోస్తుంది, తిన్నని అంచు తిన్నని కోత కోస్తుంది, అంటుకు రెండు ముఖాలూ సందు లేకుండా అతుక్కోవాలి, కాబట్టి నాలుగోదే ఇవ్వండి అని పది నిమిషాల పాఠం చెప్పాను. పాపం, విన్నాడు. విని ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఆయనది ఏ చెయ్యమ్మా?"

ఇంత చెప్పినవాళ్లను పట్టుకుని ఈ ప్రశ్నేమిటని నాకు మండింది. "రెండూ ఉన్నాయి లెండి. చుట్టివ్వండి" అన్నాను.

చుట్టిచ్చాడు.

అంటు చాకును రెండు పక్కలా సానపట్టరు. ఒక పక్క అద్దంలా చదునుగా వదిలేసి, రెండో పక్కే ఏటవాలుగా నూరుతారు. చదును పక్క కొమ్మకు ఆనుకుని జారితే కోత తిన్నగా వస్తుంది. కుడిచేతివాళ్ల చాకును ఎడమ చేత్తో పడితే ఏటవాలు పక్క కొమ్మమీదికి వస్తుంది, అంచు పైకి ఎగదన్నుతుంది, కోత గుంటపడుతుంది. ఆ గుంటలో గాలి, ఆ గాలికి అంటు చావు. మీ తాతయ్యది ఎడమ చెయ్యి. ఆయన తల దువ్వుకోవడం, ఉత్తరాలు రాయడం ఏ చేత్తోనో ఏడాదిపాటు చూసినదాన్ని నేనే.

ఇదంతా నాకు తెలిసింది ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత, ఆయన పదవీ విరమణ రోజున. మొదటినుంచీ ఆయనతో పనిచేసిన పెద్దమాలి చేతిలో టీ గ్లాసుతో లేచి నిలబడి, అందరినీ నవ్వించడానికి చెప్పాడు. "టీచరమ్మగారూ, మొదటి ఏడాది ఈయన కట్టింది కట్టినట్టే ఎండిపోయేదండీ. అంట్ల గదిలోంచి తీసేసి నీళ్ల గొట్టం చేతికిచ్చారు. 'నీది ఎడమ చెయ్యి, చాకు మార్చవయ్యా మహానుభావా' అని నేను మొత్తుకుంటే, చాకు మార్చలేదండీ, చెయ్యి మార్చాడు! ఏడాదిపాటు అన్నాలవేళ పారేసిన పుల్లలు ఏరుకుని కుడి చేత్తో కోసుకుంటూ కూర్చునేవాడు!"

అందరూ పగలబడి నవ్వారు. నాకా ఏడాది గుర్తొచ్చింది. ఆయన ఎడమ బొటనవేలికి ఎప్పుడూ గుడ్డ కట్టి ఉండేది. ముళ్లు గీరుకున్నాయనేవారు. "కళ్లు పెట్టుకుని పనిచేయలేరా?" అని నేను విసుక్కునేదాన్ని.

ఇంటికొస్తూ బస్సులో అడిగాను. "ఒక్క మాట చెబితే మార్చి తెచ్చేదాన్ని కదండీ?"

"చెప్పేవాణ్ణే టీచరమ్మా," అన్నారు కిటికీలోంచి చూస్తూ. "నీకు చెప్పడం కంటే చెయ్యి మార్చుకోవడమే తేలికనిపించింది."

ఆయన నవ్వారు. నేనూ బస్సు దిగేదాకా నవ్వాను. అది ప్రేమా, భయమా అని మాత్రం అడగలేదు. అడిగితే నన్ను ఊరుకోబెట్టడానికి ఏదో ఒకటి అనేవారు. ఇప్పుడు ఊరుకోబెట్టే మనిషి లేరు కాబట్టి ఆ మాట నాతోనే కాపురం చేస్తోంది.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. నువ్వు ఉద్యోగంలో చేరేముందు తాతయ్య చాకు కావాలని అడిగావు. నువ్వు చెంచా పట్టిన నాటినుంచీ ఎడమ చేతిదానివే. నాకు తెలుసు. తెలిసే చేతిరుమాల్లో చుట్టి ఇచ్చాను. చెప్పాలంటే దుకాణం, బస్సు, అన్నీ చెప్పాలి. జ్ఞాపకంగా జేబులో పెట్టుకుంటుంది, పనికి నర్సరీవాళ్ల చాకే వాడుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడంలో నేను ఘనాపాఠీని. దాని ఫలితం యాభై ఒక్క ఎండిన మందార అంట్లు, నీ మూడు పేజీల ఏడుపు.

నువ్వూ ఆయన లాగే చేశావు చూడు. చాకును మెచ్చుకుని చేతిని తిట్టుకున్నావు. నా మూలంగా ఈ ఇంట్లో ఇంకొకరు చెయ్యి మార్చుకోవడం నాకిష్టం లేదు. నాకు చెప్పడమే తేలికయ్యేటట్టు ఇకనుంచి ఉండడానికి ప్రయత్నిస్తాను. ఈ వయసులో ఎంతవరకు సాధ్యమో హామీ ఇవ్వలేను. రాజీనామా కాగితం రాసి ఉంటే సంచిలోనే ఉంచు. సరైన చాకుతో ఇంకో అరవై కట్టు. అవీ ఎండితే నేనే వచ్చి నిన్ను ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతాను.

గురువారం పని అయ్యాక మీ నర్సరీవాళ్లు పనిముట్లు కొనే దుకాణానికి వెళ్లు. ఎడమచేతివాళ్లకు నూరిన అంటు చాకు కావాలని అడుగు. "ఏదైనా ఒకటేనమ్మా" అంటే నమ్మకు. పెన్సిలంత లావు పచ్చిపుల్లలు నాలుగు వెంట తీసుకెళ్లి, అతన్ని అడిగి అక్కడే ఒకటి ఏటవాలుగా కొయ్యి. కోసిన ముఖం మీద చిన్న స్కేలు ఆనించి వెలుతురుకు ఎత్తి చూడు. స్కేలు కింద సందు కనిపిస్తే ఆ చాకు పక్కన పెట్టి ఇంకొకటి అడుగు. నాలుగు పుల్లలూ అయిపోయినా సరే, మొహమాటపడకు.

ఇట్లు,
మీ అమ్మమ్మ