థోరా అత్త ముక్కున్న బాతు

బర్గ్‌హెడ్, ఆదివారం

అమ్మా, దగ్గు తగ్గింది, బెంగపడకు. అసలు కబురు విను: గెలిచాను!

శీతాకాలమంతా గోడచాటున కూర్చుని సముద్రపు బాతుల్ని లెక్కపెడతామా, నల్లబాతు రెక్క విదిలించి తెల్లమచ్చ చూపిస్తే చాలు, మఖమలు బాతని రాసేసుకోవడం అందరికీ అలవాటు. ఈ మధ్య పండితులు ఆ జాతిని విడగొట్టి సైబీరియా బాతును వేరు చేశారు. ఇక మచ్చ ఒక్కటే చాలదు, ముక్కూ చూడాలి. నిన్న గుంపులో ఒక మగదానికి ముక్కు మీద ఎత్తుగా బుడిపె కనిపించింది. "సైబీరియాది!" అని అరిచాను. మా లెక్కల పెద్ద ఫార్కర్ టీ కప్పు దించలేదు.

"మచ్చ కనిపించిందిగా, రాసెయ్యి పిల్లా. అలల్లో అన్నీ బుడిపెలే."

ఆయన్ని లాక్కొచ్చి, అది పక్కకు తిరిగేదాకా టెలిస్కోపు వదలనివ్వలేదు. చూశాక తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. "గెలుపు నీదే తల్లీ!"

నా చిన్నప్పుడు మన ఆర్క్‌నీ రేవులో ఒక నల్లబాతును చూపించి, "అచ్చం మీ థోరా అత్త ముక్కే!" అని నువ్వు నవ్వితే, తన అక్కను అన్నావని నాన్న అలిగాడు, గుర్తుందా? అదీ ఇదే బాతమ్మా! మఖమలు బాతనే రాసుకున్నాం. కుర్చీలోంచి లేవకుండానే నువ్వు చూసిన పక్షుల జాబితాకో కొత్త జాతి దక్కినట్టే, ఫార్కర్‌ను ఒప్పిస్తే.

కొట్టం కప్పు గాలికి నిలిచిందా? ఉన్ని మేజోళ్లు పంపు. నాన్నకు ముద్దులు.

మేజోళ్లతోపాటు అత్త ఫొటో ఒకటి పెట్టు. పక్కనుంచి తీసిందే కావాలి. ఎందుకో ఆమెకు చెప్పకు.

నీ ఇంగా