ఏరి తీసిన రొయ్యలు

జోస్నా బిడ్డా, ఓవెన్ ప్లగ్గు తీసిన. ట్రే ఇంక కాలుతనే ఉంది, ఉత్త చేతులతోని ముట్టకు. ఆ రొయ్యల నూడుల్స్ ఎవ్వరికీ పెట్టకు. పక్కింటి ఉదయలక్ష్మి బిడ్డ బిందును ఎల్‌బీ నగర్ చౌరస్తా కాడి దవాఖానకు తీస్కపోతున్నరు. నేను గూడ ఆటోల పోతున్న.

నువ్వు కోచింగ్‌కు పోంగ చెప్పినట్టే పావుగంటకు ఆపిన. పైన చీజ్ మంచిగ ఎర్రగైంది. మొన్న ఉదయలక్ష్మి పులిహోర ఇచ్చిన గిన్నె మనింట్లనే ఉండె. ఖాళీ గిన్నె ఎట్ల ఇస్తనని దాంట్ల నూడుల్స్ పెట్టిచ్చిన. ఆ పిల్లకు రొయ్యలు పడయని నాకు ఎరుకనే. అందుకే ఒక్కొక్కటి ఏరి తీసిన బిడ్డా, ఒక్కటి గూడ ఉంచలే. వాటి రసం నూడుల్స్‌కు పట్టి ఉంటదని తెల్వకపాయె. రెండు ముద్దలకే పెదవులు ఉబ్బినయి, ఊపిరి గుర్రుగుర్రుమంటుంది.

డాక్టరు అడుగుతడేమోనని నువ్వు పోసిన నల్ల సాస్ సీసా సంచిల ఏస్కున్న. ఉదయలక్ష్మి నన్ను తిట్టినా మంచిగుండు. ఫోన్ చేస్తే ఎత్తు, జర ప్రార్థన చెయ్యి.

నానమ్మ

ఆళ్ల గిన్నె వాపస్ తెచ్చి సింకుల పెట్టిన, సబ్బుతోని రెండుసార్లు కడుగు. ఈసారి ఖాళీగనే ఇద్దాం.