నా ఎత్తు తగ్గించిన అన్నకు

అన్నా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. ఈరోజే హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్‌గా నా మొదటి డ్యూటీ చేసి వచ్చాను.

డిగ్రీ అయ్యాక మన మియాపూర్ ఇంట్లో నన్ను గోడకు నిలబెట్టి కొలిచావు. "జర తక్కువున్నవ్ చెల్లె. పోలీసు నౌకరి నీకు రాదు, ఫికర్ చెయ్యకు," అన్నావు. నువ్వు కానిస్టేబుల్‌వి కదా, నమ్మాను. ఓ ఆఫీసు రిసెప్షన్‌లో ఏళ్లు గడిపాను.

నువ్వు పోయాక దవాఖానాలో ఎత్తు చూస్తే, కావలసినదానికన్నా ఎక్కువే ఉన్నాను. వదినను అడిగాను.

"ఆయనకు ఎరుకే. ఎండల నిలబడి అందరితోని మాటలు పడే నౌకరి నా చెల్లెకొద్దు అన్నడు," అంది.

వయసు దాటకముందే పరీక్ష రాసి, పరుగులో గట్టెక్కి, ట్రైనింగ్ పూర్తి చేశాను.

ఈరోజు రాంగ్ రూట్‌లో వచ్చిన కారును ఆపితే, "నేనెవరో తెల్సా?" అని ఒకాయన మీదికొచ్చాడు. భయపడకుండా చలాన్ వేశాను. నువ్వు చూస్తే బాగుండుననిపించింది. వెంటనే కోపమొచ్చింది.

వద్దని చెప్పి ఉంటే నీతో కొట్లాడేదాన్ని అన్నా. అబద్ధం చెప్పి, ఆ కొట్లాట కూడా నాకు దక్కకుండా చేశావు.

నీ చెల్లెలు