డబ్బాలో దాచిన ప్రాసెసర్

సుక్రా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు వెళ్లిపోయి ఏడాదీ రెండు నెలలైంది. మళ్లీ సోళ్ల కోతలొచ్చాయి. నేను నీ బావని. ఐదో తరగతి చదువు నాది, ఉత్తరం రాయడం పెద్దగా చేతకాదు. నోటితో అయితే అసలే చెప్పలేను.

నీ లాప్‌టాప్ విషయంలో నీతో ఒక అబద్ధం ఆడాను. అది చెప్పడానికే ఇది.

పట్నంలో ఎవరో వాడి వదిలేసినదాన్ని కొనుక్కొచ్చావు. ఊరందరి పోడు భూములకీ పట్టాలు రావాలని ఆ కొలతలన్నీ అందులో ఎక్కించావు. మ్యాపు తెరిస్తే చాలు, అది కదలకుండా కూర్చునేది. "ఇది తెరుసుకునేలోగా సోళ్లు దంచి అంబలి కాసుకోవొచ్చు బావా" అని నవ్వేవాడివి.

ప్రాసెసర్ మారిస్తే బాగుపడుతుందని నువ్వే కనుక్కున్నావు. దాని నంబరు చీటీ మీద రాసిచ్చి, రేడియో సామాన్ల కోసం విశాఖ వెళ్లినప్పుడు తెమ్మన్నావు.

తెచ్చాను సుక్రా. నీకు దొరకలేదని చెప్పాను గానీ, తెచ్చాను.

తెచ్చిన మర్నాడు సంత. నేను గోనెపట్టా పరుచుకుని రేడియోలు బాగుచేస్తున్నాను. నలుగురిని వెంటేసుకొచ్చి ఏమన్నావు? "మా బావ సెయ్యి రేడియో ముల్లు దాటి పోదర్రా! లాప్‌టాపు ఇప్పమంటే కొత్త పెళ్లికూతురిలాగ వొణికిపోతాడు!"

అందరూ నవ్వారు. ఉల్లిపాయలమ్మే ఆవిడ కూడా నవ్వింది. బావమరిదివి, అనే హక్కు నీకుంది. ముప్పై ఏళ్లుగా అంటూనే ఉన్నావు. నేనొక్కసారైనా తిరిగి అన్నానా?

నవ్వులయ్యాక వంగి అడిగావు... "ఏటి బావా, వొచ్చిందా?"

అప్పుడన్నాను, దొరకలేదని. అది నా మోకాలి పక్కనే, స్క్రూల డబ్బాలో, స్పాంజి ముక్కకి గుచ్చి ఉంది.

ఒక్క వారం ఏడిపిద్దామనుకున్నాను. అంతే. పై వారం మళ్లీ అడిగావు. ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పను? సిగ్గేసింది. మళ్లీ దొరకలేదన్నాను. ఒక అబద్ధం ముదిరితే దాన్ని పీకడం కష్టం.

ఈలోగా వానలు పట్టుకున్నాయి. "బేగి ఇవ్వకపోతే మన కాగితాలు ఎనకబడిపోతాయి బావా" అని అరకులో కంప్యూటర్లున్న షాపుకి బయల్దేరావు. గెడ్డ పొంగి జీపు రాలేదు. నడిచే వెళ్లావు. ఒకసారి, రెండుసార్లు... మూడోసారి తడిసి ముద్దై వచ్చావు, రాత్రికి చలిజ్వరం. నాలుగు రోజులు. అంతే.

తడిసినందుకే వచ్చిందా ఆ జ్వరం? ఇంట్లో ఉన్నా వచ్చేదేనా? ఎవరిని అడగను? అడిగితే, నీకెందుకా సంగతి అంటారు కదా...

నీ మీదా కోపమే నాకు. నవ్వకుండా ఒక్కసారి అడిగి ఉంటే తీసి ఇచ్చేసేవాణ్ణి. ఎందుకు నవ్వావురా?

నిన్ను పూడ్చిన మర్నాడు పెద్దలు వచ్చారు. చనిపోయిన మనిషి వాడినవి ఇంట్లో ఉంచితే వాటికోసం తిరుగుతాడు కదా, మన లెక్క అదే కదా. నీ గొడుగు, కంచం, టార్చి, నీ ఊలు టోపీ పట్టుకెళ్లి నిన్ను పూడ్చిన మట్టి మీద పెట్టారు. లాప్‌టాప్ కూడా ఇమ్మన్నారు. నీ కూతురు దాన్ని ఒళ్లో పెట్టుకుని వదల్లేదు. ఊరి పోడంతా ఇందులో ఉందని ఏడ్చింది.

నలుగురిలో నోరెత్తని నేను లేచాను. దీన్ని నడిపేది లోపలుండే చిన్న బిళ్ల, ఇన్నాళ్లూ సుక్రు పని చేసింది దాంతోనే, అది తీసి వాడికిస్తాను, పై డొల్ల ఉండనీయండి అన్నాను. పెద్దలు చాలాసేపు మాట్లాడుకుని సరే అన్నారు.

అరుగు మీద కూర్చుని విప్పాను. బ్యాటరీ తీశాను, అడుగున స్క్రూలు తీశాను, కీబోర్డు లేపాను. రాగి గొట్టం తీస్తే దాని కింద, వేడి లాగే పాత పేస్టు ఎండి బెల్లం పాకంలా ఉంది, గుడ్డతో తుడిచాను. సాకెట్ మీది స్క్రూ సగం తిప్పితే నీ బిళ్ల తనంతట తనే వదిలేసింది. కొత్తదాన్ని మూల గుర్తు చూసి పెట్టాను. నొక్కక్కర్లేదు, దాని బరువుకే కూర్చుంటుంది. వడ్లగింజంత పేస్టు పెట్టి అన్నీ బిగించాను. నీ పాత బిళ్లని పెద్దలు పట్టుకెళ్లి నీ టోపీ పక్కన పెట్టారు.

నా చెయ్యి వణకలేదు సుక్రా.

మ్యాపు తెరిచింది నీ కూతురు. రెప్పపాటులో వచ్చింది. మన కొండ, మన గెడ్డ, నీ పోడు. అందరూ నా చేతులు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు వేపాకు నమిలినట్టుంది.

కొత్త ప్రాసెసర్ అంత బేగి ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరూ అడగలేదు. మీ అక్క మాత్రం నా డబ్బా వైపు చూసింది. నన్ను చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

కాగితాలన్నీ నీ కూతురే పూర్తి చేసి ఇచ్చింది. కొందరికి పట్టాలొచ్చాయి. మీ ఇంటికి ఇంకా రాలేదు. ఊళ్లో ఏ కంప్యూటరు పాడైనా నా దగ్గరికే తెస్తున్నారు. ముట్టుకోను. కళ్లు కనబడవని చెబుతున్నాను. చూశావా, అదీ అబద్ధమే.

మొన్న మీ అక్కకి చెప్పేశాను. ఆవిడ సోళ్లు చెరుగుతోంది. చేట ఆపలేదు. మొత్తం విన్నాక ఒక్కటే అడిగింది... "మరి ఆడికి సెప్పినావా?"

తిట్టినా బాగుండేది.

అందుకే రాశాను. సంతరోజు ఊరు ఖాళీ అయ్యాక నీ దగ్గరికొచ్చి ఎవరూ వినకుండా చదివేద్దామని మొదట అనుకున్నాను. కాదు. ఆ రోజు నలుగురిలో నువ్వు నవ్వావని కదా నేనంత పని చేశాను... నా మాట కూడా ఆ నలుగురూ వినాలి. వచ్చే ఆదివారం అందరూ ఊళ్లోనే ఉంటారు. పిలుచుకుని వస్తాను. నేను చదవలేకపోతే నీ కూతురి చేత చదివిస్తాను.

నువ్వు నవ్వినా సరే, ఈసారి మొత్తం చెప్పేదాకా కదలను.

నీ బావ