వేలాడిన ఫ్యాను వైరు

అమ్మాయీ,

కంప్యూటర్ ఆన్ చేయగానే ఆ పెట్టె దగ్గర చెవి పెట్టి విను. సన్నగా ఫ్యాను తిరిగే చప్పుడు రావాలి. రాకపోతే వెంటనే ఆపేసి నాకు ఫోన్ చెయ్యి.

నిన్న నీ మీటింగ్ మధ్యలో అది ఆగిపోవడానికి కారణం నువ్వు కాదు, నేను. కొత్త మెమరీ వేస్తానని పొద్దున విప్పాను కదా. లంచ్ బాక్స్ అంత పెట్టె, ఫ్యాను తీస్తే గానీ లోపలికి వేలు దూరదు. మెమరీ పెట్టాను, ఫ్యాను బిగించాను, దాని వైరు గుచ్చడం మరిచిపోయాను. లోపల వేడెక్కి ఆగిపోయింది. ఇందాక మూత తీస్తే ఆ వైరు తోకలా వేలాడుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అదేమీ చూసుకోకుండా, "ఏవేవో తెరిచి దాని ప్రాణం తీస్తావు" అని అందరి ముందూ నిన్ను దులిపేశాను. నువ్వేమో ఆఫీసువాళ్లని ఫోన్‌లో బతిమాలుకుని, అన్నాల దగ్గర నాకూ సారీ చెప్పావు. నేను పెద్దమనిషిలా తలూపాను. ఆ తలూపుడు గుర్తొస్తే చచ్చేంత సిగ్గుగా ఉంది.

ఇప్పుడు వైరు గుచ్చాను గానీ, నా మీద నాకే నమ్మకం లేదు. నీకు మొహం చూపించలేక నువ్వు లేవకముందే నడకకి పోతున్నాను. తప్పు నాదని మీ ఆయనకీ అత్తయ్యకీ నేనే చెబుతాను, నీ ఎదురుగానే.

మామయ్య

ఒక స్క్రూ మిగిలిపోయింది. దాన్ని నా కళ్లజోడు డబ్బాలో పెట్టాను. ఎక్కడిదో నాకు తెలియదమ్మా. సాయంత్రం నువ్వు బిగించు, నేను టార్చి పట్టుకుంటాను.